బి షిఫ్టులో పొరపాటు

జంషెడ్‌పూర్‌లోని మా భాలుబాసాలో ‘బి’ అంటే ఒకటే అర్థం. మధ్యాహ్నం 2 గంటలకు కర్మాగారం గేటు లోపలికి వెళ్లి రాత్రి 10కి బయటపడే డ్యూటీ. పొద్దుటిది ఎ, రాత్రిది సి. పిల్లలకు అక్షరాలు రాకముందే ఈ మూడూ వచ్చేస్తాయి. నాన్న బి షిఫ్టులో ఉన్న వారం సాయంత్రాలు ఇంట్లో రేడియో కాస్త గట్టిగా మోగుతుంది.

కాబట్టి మా వీధి పిన్ని ఆసుపత్రి కాగితం నా చేతిలో పెట్టి అడిగిన ప్రశ్నలో వింతేమీ లేదు.

“ఇదేటి బాబూ, బి అని రాసినారు? మీ బాబాయి రిటైరయ్యి పదేళ్లయినాది. ఇప్పుడు నాకు బి షిఫ్టేటి?”

కాగితం మీద ఉన్నది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా. రక్తంలోని ఒక రకం తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్. మన దేశంలో లింఫోమా వచ్చినవాళ్లలో అందరికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

మెడ పక్కన బిళ్ల కట్టిన సంగతి ఆవిడకు నల్లపూసల వల్ల తెలిసింది. గొలుసు ఒకచోట తట్టుకుంటోంది. తడిమి చూసుకుంటే కుంకుడు గింజంత. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బనడం మనవాళ్లకు అలవాటు లేదు కదా, రెండు నెలలు అలాగే గడిచాయి. తర్వాత సాయంత్రం పూట జ్వరం, రాత్రి దిండు తడిసిపోయేంత చెమట, వదులైపోతున్న జాకెట్లు. ఒక డాక్టరు చూసి టీబీ అన్నారు. సూదితో గుచ్చి కాస్త రసం తీసి పరీక్షకు పంపారు, ఏమీ తేలలేదు. అయినా మందులు మొదలుపెట్టారు.

ఆ డాక్టరు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు కొంచెం తగ్గింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. మెడలో బిళ్లలు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అనగానే ఇక్కడ ఏ డాక్టరుకైనా ముందు క్షయే గుర్తొస్తుంది. మన పెద్దలు గండమాల అన్నది కూడా ఎక్కువగా దాన్నే. చిక్కేమిటంటే లింఫోమా లక్షణాల పట్టీ కూడా అక్షరాలా అదే: కారణం తెలియని జ్వరం, రాత్రి చెమటలు, 6 నెలల్లో ఒంటి బరువులో పదో వంతు పోవడం. 1971లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో డాక్టర్లు కూర్చుని లింఫోమా దశలు నిర్ణయించినప్పుడు ఈ మూడింటికీ ‘బి లక్షణాలు’ అని పేరు పెట్టారు. లక్షణాలు లేకపోతే ఎ, ఉంటే బి. ఈ ‘బి’కి బి కణంతో చుట్టరికం లేదు. పిన్నికి ఇది చెప్పలేదు, ఇప్పటికే రెండు బిలతో సతమతమవుతోంది.

టీబీ మందులు పనిచేస్తుంటే రెండు నెలల్లో బిళ్ల సాధారణంగా మెత్తబడాలి, తగ్గుముఖం పట్టాలి. ఆవిడది పెరిగింది. “కోర్సు పూర్తి చెయ్యాలి” అన్నారు. ఏడో నెలకు నిమ్మకాయంతయ్యాక వేరే ఊరి డాక్టరు ఒకాయన బిళ్లను మొత్తంగా తీయించి ముక్క పరీక్షకు పంపారు. సూది పరీక్షకూ ముక్క పరీక్షకూ ఉన్న తేడా ఈ జబ్బులో చాలా పెద్దది. సూదిలో కొన్ని కణాలే వస్తాయి. లింఫోమాను తేల్చాలంటే కణాలు ఏ అమరికలో ఉన్నాయో, వాటి పైపొర మీద ఏ గుర్తులున్నాయో చూడాలి. గోడ ఎలా కట్టారో చెప్పమని నాలుగు ఇటుక పెళ్లలు చేతిలో పెడితే మేస్త్రీ మాత్రం ఏం చెబుతాడు?

ముక్కకు రంగులద్ది చూస్తే సిడి20 అనే గుర్తు కనబడింది. అది బి కణాల బ్యాడ్జీ.

కోడి చెప్పిన పేరు

పిన్ని ప్రశ్నకు జవాబు కోడి దగ్గరుంది.

16వ శతాబ్దంలో ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే శరీరశాస్త్ర గురువు కోడి తోక కింద, మలద్వారానికి దగ్గరగా ఒక చిన్న సంచిని చూశాడు. ఆ సంగతి రాసిన పుస్తకం ఆయన పోయాక 1621లో అచ్చయింది. అది పుంజు వీర్యం దాచుకునే సంచి అని ఆయన ఊహ. ఊహ తప్పయినా సంచికి ఆయన పేరే స్థిరపడింది: బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా దాని పనేమిటో ఎవరూ తేల్చలేదు.

1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లలకు ఆ సంచి తీసేసి ఏమవుతుందా అని చూశాడు. ఏమీ కాలేదు. పిల్లలు మామూలుగానే పెరిగాయి. ఇంతలో తోటి విద్యార్థి టిమోతీ చాంగ్‌కు తరగతిలో యాంటీబాడీలు తయారవడం చూపించడానికి కోళ్లు కావలసివచ్చాయి. గ్లిక్ దగ్గర అడిగి తీసుకున్నాడు. సాల్మొనెల్లా సూది వేశాడు. కొన్ని కోళ్లలో యాంటీబాడీలు పుట్టనే లేదు. తీరా చూస్తే అవన్నీ సంచి తీసేసిన కోళ్లు. ఇద్దరూ రాసిన వ్యాసాన్ని ‘సైన్స్’ పత్రిక తిప్పి పంపింది. చివరికి 1956లో ‘పౌల్ట్రీ సైన్స్’లో, అంటే కోళ్ల పెంపకం పత్రికలో, అచ్చయింది. మనుషుల రోగనిరోధక శాస్త్రాన్ని మలుపు తిప్పిన వ్యాసం మేత ఖర్చుల, గుడ్ల లెక్కల పక్కన కొన్నేళ్లు పడి ఉంది. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం దాన్ని అందుకుని, లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో రెండు తెగలున్నాయని నిరూపించింది. బర్సాలో తయారయ్యేవి బి, థైమస్ గ్రంథిలో తయారయ్యేవి టి.

మనుషులకు ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముక మూలుగలో పుడతాయి. మూలుగ ఇంగ్లిషు పేరు కూడా బి అక్షరంతోనే మొదలవడం వల్ల పేరు మార్చే పని తప్పింది.

సొంత జన్యువులను కోసుకునే కణం

కర్మాగారం ఊళ్లో పుట్టినవాణ్ని కాబట్టి బి కణాన్ని నేను కార్మికుడి లాగానే చూస్తాను. దాని పని యాంటీబాడీలు చేయడం. కానీ ఎలాంటి శత్రువు వస్తాడో ముందు తెలియదు. రాబోయే ప్రతి క్రిమికీ ఒక జన్యువు చొప్పున దాచుకుందామంటే మన జన్యువుల సంచి చాలదు. అందుకని మూలుగలో ఉండగానే బి కణం తన సొంత డీఎన్ఏను కత్తిరించి, తునకలను కొత్త వరసలో అతుక్కుంటుంది. ఈ సంగతి 1976లో కనిపెట్టిన సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. ఒంట్లో చర్మం, కాలేయం, గుండె ఏవీ ఇలాంటి సాహసం చేయవు. మిగతా కణాలన్నిటికీ డీఎన్ఏ తెగడమంటే ప్రమాదం. బి కణానికీ దాని జోడీ టి కణానికీ మాత్రం అది ఉద్యోగం.

అక్కడితో అయిపోదు. క్రిమి నిజంగా వచ్చినప్పుడు బి కణాలు మెడలోనో చంకలోనో గజ్జల్లోనో ఉన్న లింఫ్ గ్రంథిలో చేరి రెండో విడత పని మొదలుపెడతాయి. గొంతు నొప్పి చేసినప్పుడు దవడ కింద బిళ్ల కట్టేది అందుకే. అక్కడ ఎయిడ్ అనే ఎంజైము యాంటీబాడీ జన్యువులో కావాలనే అక్షరదోషాలు పుట్టిస్తుంది. మామూలు కణంలో జరిగే మార్పుల కంటే ఈ వేగం పది లక్షల రెట్లు ఎక్కువ. ఏ దోషం వల్ల యాంటీబాడీ క్రిమిని మరింత గట్టిగా పట్టుకోగలిగిందో ఆ కణం బతుకుతుంది. మిగతావి గంటల్లో చచ్చిపోతాయి. ఈ ఎంజైమును 1999లో పట్టుకున్నది క్యోటోలోని తసుకు హోంజో బృందం.

కొలిమి దగ్గర పనిచేసేవాడికే చెయ్యి కాలుతుంది. ఇన్ని కోతలు, ఇన్ని అతుకులు, ఇంత వేగంలో ఒక్కోసారి ఒక క్రోమోజోము ముక్క వెళ్లి ఇంకో దానికి అతుక్కుంటుంది. 8వ క్రోమోజోములో ‘మిక్’ అనే జన్యువు ఉంది, కణాన్ని పెరగమని ఆదేశించేది. అది 14వ క్రోమోజోములో, రాత్రింబవళ్లు నడిచే యాంటీబాడీ జన్యువు పక్కన వచ్చి పడితే ఆదేశం ఇక ఆగదు. చావును అడ్డుకునే బిసిఎల్2 జన్యువు అదే 14 మీద వచ్చి పడితే, చావాల్సిన కణం చావడం మానేస్తుంది. మొదటిది బర్కిట్ లింఫోమాలో, రెండోది ఫాలిక్యులర్ లింఫోమాలో కనిపించే పొరపాటు.

ఈ రెండో పొరపాటును సున్నితమైన పరీక్షలతో వెతికితే పూర్తి ఆరోగ్యంగా ఉన్న చాలామంది పెద్దవాళ్ల రక్తంలో కూడా దొరికింది. వాళ్లలో అత్యధికులకు లింఫోమా ఎప్పటికీ రాదు. ఇది చదివిన రోజు నేను కాసేపు పుస్తకం మూసేశాను. తప్పతుకు ఒక్కటే చాలదన్నమాట. దాని మీద ఇంకొకటి పడాలి, దానిపై మరొకటి. కాపలా కణాలు కూడా ఏమరాలి. అన్నీ ఒకే కణంలో కుదరాలి.

పొగ మీద అనుమానం

భాలుబాసాలో ఎవరికి క్యాన్సర్ వచ్చినా ముందు వేలు చూపేది పొగ గొట్టాల వైపే. అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. బొగ్గును కోక్‌గా మార్చే కొలుముల్లోంచి బెంజీన్ వస్తుంది. బెంజీన్ వల్ల ఒక రకం లుకేమియా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ద్వంద్వంగా చెప్పింది. కోక్ కొలుముల దగ్గర పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు గురించీ అంతే గట్టిగా చెప్పింది. లింఫోమా దగ్గరకొచ్చేసరికి మాత్రం సంబంధం ఉన్నట్టు కనిపిస్తోందే తప్ప రుజువు సరిపోదంది. పిన్ని ఏనాడూ కోక్ కొలుముల దరిదాపులకు వెళ్లలేదు.

విచిత్రంగా, లింఫోమా విషయంలో గట్టి రుజువు దొరికిన రసాయనం ఫ్యాక్టరీలో లేదు, మన పొలాల్లో ఉండేది. లిండేన్. ‘గమాక్సిన్’ అంటే శ్రీకాకుళం జిల్లా పెద్దలకు వెంటనే తెలుస్తుంది. ధాన్యానికీ చీమలకూ తలలో పేలకూ కూడా ఆ పొడి కొట్టిన రోజులున్నాయి. 2015లో అదే సంస్థ దీన్ని మనుషుల్లో నాన్ హాడ్జ్కిన్ లింఫోమా (పిన్నిది ఆ కోవలోదే) కలిగించేదిగా ప్రకటించింది. అప్పటికే మన దేశంలో దాని వాడకం నిషిద్ధం.

మిగతా ముప్పులన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: బి కణానికి విశ్రాంతి లేకపోవడం, లేదా దాని మీద నిఘా తగ్గడం. కడుపులో హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి ఏళ్ల తరబడి కాపురం పెడితే, అక్కడ మామూలుగా ఉండని లింఫ్ కణజాలం పుట్టి, కొందరిలో లింఫోమాగా మారుతుంది. 1990ల మొదట్లో లండన్‌లో వాదర్‌స్పూన్, ఐజాక్సన్ బృందం ఇలాంటి రోగులకు క్యాన్సర్ మందుల జోలికి పోకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసింది. చాలామందిలో గడ్డ కరిగిపోయింది. శత్రువు పోగానే ఓవర్‌టైం ఆగింది! హెపటైటిస్ సి, కీళ్లవాతం, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు కూడా ఈ ఓవర్‌టైం కోవలోవే. అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు, హెచ్ఐవీ నిఘా తగ్గే కోవలోకి వస్తాయి. వయసు రెండు కోవల్లోనూ ఉంటుంది.

ముప్పు రెట్టింపు అన్న మాట వార్తల్లో చదివి హడలిపోయేవాళ్లకు చిన్న లెక్క. మన దేశంలో ఏటా లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి నాన్ హాడ్జ్కిన్ లింఫోమా వస్తుంది. రెట్టింపైతే నలుగురి నుంచి ఆరుగురికి. లక్షలో మిగతా వాళ్లకు రాదు. వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి ఫలానా కారణమని చూపించడానికి ఏమీ దొరకదు.

దోమ దారిలో ఒక ఒంటికన్ను డాక్టరు

ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఉగాండాది. డెనిస్ బర్కిట్ ఐర్లండ్ సర్జన్. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. 1957లో దవడలు ఉబ్బిపోయిన ఒక పిల్లవాణ్ని చూశాడు, త్వరలోనే ఇంకో ఊళ్లో అలాంటి దవడలే ఉన్న మరో బిడ్డను చూశాడు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత ఫోర్డ్ బండి ఎక్కి ఆఫ్రికాలో 10 వేల మైళ్లు తిరిగాడు. ప్రతి ఆసుపత్రిలోనూ ఆ పిల్లల ఫొటోలు చూపించి “ఇలాంటిది చూశారా?” అని అడగడం, పటం మీద గుర్తు పెట్టడం, అంతే పరిశోధన. చల్లటి ఎత్తు ప్రాంతాల్లో జబ్బు లేదు. వేడీ వానా ఉన్న పల్లంలో ఉంది. ఆ పటం దాదాపు మలేరియా పటమే.

అదే ఏడాది లండన్‌లో బర్కిట్ ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇందులో వైరస్ ఉండి తీరాలని పట్టుబట్టాడు. విమానంలో వచ్చే గడ్డ ముక్కల్లో ఏళ్ల తరబడి ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల విమానం దారి మళ్లి నమూనా ఆలస్యంగా చేరింది. సీసాలో నీళ్లు మసకగా ఉన్నాయి. చెడిపోయిందని పారబోసే బదులు ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెడితే, బతికున్న కణాలు తేలుతున్నాయి. వాటిని పెంచి 1964లో వైరస్‌ను చూశారు. మనుషుల్లో క్యాన్సర్‌తో ముడిపడిన మొట్టమొదటి వైరస్ అదే, ఎప్‌స్టీన్ బార్. ప్రపంచంలో పది మంది పెద్దవాళ్లలో తొమ్మిది మందికి పైగా ఒంట్లో అది ఉంది. నాలో, మీలో కూడా ఉండే ఉంటుంది. దాని పాటికి అది ఒక మూల పడి ఉంటుంది.

మరి మలేరియా ఏం చేస్తుంది? 2015లో న్యూయార్క్‌లో మిషెల్ నూసెన్‌జ్వైగ్ ప్రయోగశాల ఎలుకల్లో చూపింది: మలేరియా సోకితే బి కణాల రెండో విడత పని నెలల తరబడి సాగుతూనే ఉంటుంది, ఎయిడ్ ఎంజైము తప్పుడు చోట్ల కోతలు పెడుతుంది. మా ఊరి చుట్టూ ఉన్న సింగ్‌భూమ్ అడవుల అంచున పెరిగినవాళ్లకు మలేరియా ఇంటి చుట్టమే. అయితే బర్కిట్ చూసినంతగా, పసితనం నుంచీ ఏడాది పొడవునా కుట్టి కుట్టి వచ్చే మలేరియా ఇక్కడ లేదు. బర్కిట్ లింఫోమా ఆఫ్రికా రూపం మన దగ్గర అంతగా కనబడకపోవడానికి అదొక కారణం కావచ్చు.

ఒక వజ్రం, ఒక పెరటి మొక్క

జంషెడ్‌పూర్‌కు రక్తపు క్యాన్సర్‌తో పాత రుణానుబంధం ఉంది. నార్తర్న్ టౌన్‌లో 1975 నుంచి ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి మెహర్‌బాయి టాటా పేరు మీదది. ఆవిడ దొరాబ్జీ టాటా భార్య, హోమీ భాభాకు మేనత్త. కోహినూరుకు రెట్టింపు పైన తూగే జూబిలీ వజ్రం ఆవిడ మెడలో ఉండేది. 1924లో టాటా కంపెనీ జీతాలకు తడుముకుంటున్నప్పుడు దొరాబ్జీ సొంత ఆస్తితో పాటు ఆ వజ్రాన్నీ తాకట్టు పెట్టాడు. 1931లో మెహర్‌బాయి లుకేమియాతో చనిపోయారు. తెల్లకణాలకు క్యాన్సర్ వచ్చిందని డాక్టర్లకు తెలుసు, కానీ లింఫోసైట్ అసలు చేసే పనేమిటో 1950ల చివరిదాకా ఎవరికీ రూఢిగా తెలియదు. 1932లో దొరాబ్జీ ఆవిడ పేరిట లుకేమియా పరిశోధన కోసం ట్రస్టు పెట్టి, అదే ఏడాది తానూ కన్నుమూశాడు. వజ్రం అమ్మిన డబ్బు ఆయన సొంత పేరిట ఉన్న మరో ట్రస్టుకు చేరింది. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని తెరిచింది ఆ ట్రస్టే.

పిన్నికి ఎక్కించిన మందుల వెనక తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. బి కణం బ్యాడ్జీ అయిన సిడి20ని పట్టుకునే రిటుక్సిమాబ్ అమెరికాలో 1997లో వచ్చింది. అది పాత నాలుగు మందుల ‘చాప్’ వరసకు తోడయ్యాక ఈ రకం లింఫోమాలో పదిమందిలో ఆరుగురి దాకా పూర్తిగా నయమవుతున్నారు. ధర మాత్రం మనకు అందేది కాదు. 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ తన సొంత రూపం, రెడిటక్స్, దాదాపు సగం ధరకు తెచ్చింది. ఈ మందు ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేసి తీరాలి. బి కణాలు తుడిచిపెట్టుకుపోగానే, ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్ లేచి కాలేయం మీద పడవచ్చు. మెదడు వైపు లింఫోమా పాకే భయం ఉంటే వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చింది. ‘చాప్’లోని విన్‌క్రిస్టిన్ అయితే మరీ దగ్గర. బిళ్లగన్నేరు మొక్కలోంచి తీస్తారు. మా వీధిలో ఆ మొక్క లేని గుమ్మం లేదు. పిన్ని రోజూ దేవుడికి పెట్టేది ఆ పువ్వులే.

ఇప్పుడు టి కణాలను బయటికి తీసి, బి కణాన్ని గుర్తుపట్టేలా తర్ఫీదిచ్చి మళ్లీ ఎక్కించే కార్ టి వైద్యం మన దేశంలోనే తయారవుతోంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన దాన్ని 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రారంభించారు. ఆవిడది మాకు పక్క జిల్లానే, మయూర్‌భంజ్. అమెరికా ధరలో అది పదో వంతుట. అయినా ముప్పై నలభై లక్షల మాట. భాలుబాసాలో ఆ అంకె ఇల్లు అమ్మితే వచ్చేది.

పిన్నికి అంత అవసరం పడలేదు. 21 రోజులకొకటి చొప్పున ఆరు విడతలయ్యాయి. రాలిన జుట్టు రింగులు తిరిగి వచ్చింది. నల్లపూసలు మళ్లీ మెళ్లో పడ్డాయి. ఒక్క ప్రశ్న మాత్రం వదల్లేదు. “నానేటి సేసినానని వొచ్చింది బాబూ?” డాక్టరును అడిగింది, నన్ను అడిగింది, బిస్టుపూర్ రామమందిరంలో రాముణ్ని కూడా అడిగే ఉంటుంది. నువ్వేమీ చెయ్యలేదు పిన్నీ, పనిలో ఉన్న కణం ఒకటి పొరపాటు చేసింది అన్నాను. “పనిలో ఉన్నోళ్లకే గదా దెబ్బ తగిలేది” అంది బాబాయి ఎడమచెయ్యి వైపు చూస్తూ. ఆయనకు రెండు వేళ్లు లేవు.

పోయిన ఆదివారం సాక్చీ బజారు నుంచి కోడిని కోయించి తెచ్చారు. కత్తిపీట ముందు కూర్చుని పిలిచింది, ఆ సంచి ఎక్కడుంటుందో చూపించమని. తోక కింద వెతికితే దొరికింది, లేత పసుపు రంగులో, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దది. వేలి కొసన పెట్టుకుని వెలుతురుకు పట్టి చూసింది.

“ఇంతేనా,” అని దాన్ని పిల్లికి వేసింది.